చీకటి సంగీతము: ఏది వినవలెను, ఎట్లు వినవలెను

ఒక రికార్డు బాగున్నదని మిత్రునకు చెప్పుట సులభము. దాని నెందుకు వినవలెను, ఎట్లు వినవలెను, దాని వెనుక ఏమి జరిగినది అను మూడు మాటలు కూడ చెప్పుట కష్టము. బ్లాక్ మెటల్, డార్క్ ఆంబియంట్ అను రెండు పాశ్చాత్య సంగీతరీతుల విషయమున ఈ కష్టము మాకు అనుభవములోనికి వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట మాతో పనిచేయు మిత్రుడొకరు, మావలెనే ఈ సంగీతమునందు అభిరుచి గలవారు, నార్వే దేశపు రికార్డు నొకదానిని మావద్దనుండి తీసికొనిపోయిరి. వారము దినములకు తిరిగి తెచ్చి యిచ్చుచు, “సంగీతము చాల బాగున్నది. కాని ఇందులో డ్రమ్ములు వాయించినవాడు ఒక మనిషిని చంపినవాడట. మీకు తెలియదా?” అని అడిగిరి. మాకు తెలియును. చెప్పలేదు. “ముందే చెప్పియున్నచో విననని అందునా? తెలిసి వినియుందును” అని వారనిన మాట మాకు నేటికిని గుర్తున్నది. ఈ సంగీతము నిదివరకే ఇష్టపడు శ్రోతలకు తరువాత ఏమి వినవలెనో చెప్పు ఈ ప్రసంగమున, ఆనాడు మేము చేసిన లోపము మరల చేయరాదని మా సంకల్పము.

మొదట పేర్ల సంగతి. ఉత్తర ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునకు చెందిన వెనమ్ అను ముగ్గురి బృందము 1982లో ‘బ్లాక్ మెటల్’ అను రికార్డును వెలువరించినది. ఈ రీతికి పేరు అక్కడినుండి వచ్చినది. పేరు వారిదే గాని, రూపమును దిద్దినవారు ఇతరులు. స్వీడన్‌లో బాథరీ, స్విట్జర్లండులో హెల్‌హామర్, ఆ పిదప సెల్టిక్ ఫ్రాస్ట్, డెన్మార్కులో మెర్సిఫుల్ ఫేట్ అను బృందములు 1980 తరువాతి దశకమున దీనికి పునాదులు వేసినవి. 1990 తరువాత నార్వేలో మేహెమ్, డార్క్‌త్రోన్, ఎంపరర్, ఇమ్మోర్టల్, ఎన్‌స్లేవ్డ్ మున్నగు బృందములు దీనికి నేడు మనమెరిగిన ముఖమును ఇచ్చినవి.

కొత్తగా వినువారికి ఈ సంగీతము వట్టి రొదగా తోచును. ఆ రొద యెట్లు పుట్టుచున్నదో తెలిసినచో వినికిడి మారును. గిటారు వాద్యకుడు తీగలను చేతిలోని చిన్న బిళ్ళతో పైకిని క్రిందికిని అత్యంత వేగముగా మీటును. ఒక్కొక్క మీటు వేరుగా వినబడదు. అన్నియు కలిసి ఒక తెర యగును. దూరమున కురియు వానలో చినుకులు కనబడక తెర మాత్రమే కనబడునట్లు దీనిని భావింపవచ్చును. డ్రమ్ములు కూడ వేగముగా, హెచ్చుతగ్గులు లేక, సమానముగా మ్రోగుచుండును. దెబ్బలు ఇంత దగ్గరగా పడినప్పుడు చెవి లెక్కించుట మానివేయును. కాని ఆ తెర వెనుక స్వరములు మారుట మాత్రము బహు నెమ్మదిగా జరుగును. కావున వేగము వేగముగా తోపక, నిశ్చలతగా తోచును. మన తంబురాను తలచుకొనుడు. నాలుగు తీగలను ఒకదాని తరువాత ఒకటి మీటుదురు; మనము వినునది నాలుగు మీటులు కాదు, ఎడతెగని ఒక్క శ్రుతి. ఈ సంగీతమును వినువారు గిటారు వేగమును వెంబడింపక, ఆ శ్రుతి మారు చోట్లను కనిపెట్టవలెను. అరపువంటి ఆ కంఠమును కూడ మాటగా గాక, మరియొక వాద్యముగా వినవలెను.

ధ్వని పలుచగా, గరగరలాడుచు నుండుట చేతగానితనము కాదు. డార్క్‌త్రోన్ బృందము తమ మొదటి రికార్డు ‘సోల్‌సైడ్ జర్నీ’ని 1991లో వెలువరించినది. దానిని స్టాక్‌హోముననున్న పేరుపొందిన స్టూడియోలో చక్కని ధ్వనితోనే ముద్రించిరి. మరుసటి సంవత్సరమే ఆ మార్గమును విడిచి ‘ఎ బ్లేజ్ ఇన్ ది నార్తర్న్ స్కై’ని ఇచ్చిరి. 1994 నాటి ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’లో ఫెన్రిజ్ ఒక్కడే వాద్యములన్నిటిని వాయించి, నాలుగు ట్రాకుల యంత్రముపై ముద్రించెను, కంఠము మాత్రము నోక్టర్నో కుల్టోది. మంద్రస్వరములు దాదాపుగా లేవు. మంచు గాలివంటి ఆ పలుచదనమే అందులోని వస్తువు. మెరుగుపెట్టినచో ఆ వస్తువే పోవును.

ఇప్పుడు మేము ఆనాడు మిత్రునకు చెప్పని సంగతి. నార్వేలోని ఈ యువకులలో కొందరు పాటలలోని చీకటిని వీధిలోనికి తెచ్చిరి. బెర్గెన్ నగర సమీపముననున్న ఫాంటాఫ్ట్ కొయ్య చర్చి 12వ శతాబ్దమున కట్టబడినది. 1883లో దానిని విప్పి తెచ్చి అక్కడ నిలిపిరి. 1992 జూన్ 6వ తేదీన అది తగులబెట్టబడినది. దానిని తిరిగి కట్టుట 1997లో పూర్తియైనది గాని, కాలిన కొయ్య తిరిగి రాదు గదా. 1992లోనే ఎంపరర్ బృందపు డ్రమ్ముల వాద్యకుడు లిల్లెహామర్ పట్టణమున ఒక మనిషిని పొడిచి చంపెను; న్యాయస్థానము అతనికి 14 సంవత్సరముల శిక్ష విధించినది. 1993 ఆగస్టులో మేహెమ్ బృందపు గిటారు వాద్యకుడు యూరోనిమస్‌ను బుర్జుమ్ అను పేరుతో రికార్డులు చేయు వర్గ్ వికెర్నెస్ ఓస్లోలో చంపెను. ఆ హత్యకును, చర్చిలను తగులబెట్టినందులకును 1994లో అతనికి 21 సంవత్సరముల శిక్ష పడినది. మేహెమ్ వారి ‘డె మిస్టీరీస్ డోమ్ సాథనాస్’ ఆ సంవత్సరముననే వెలువడినది. చంపబడినవాడు గిటారును, చంపినవాడు బేస్ గిటారును అందులో వాయించియున్నారు.

ఈ సంగతులను కొందరు అభిమానులు గొప్పగా చెప్పుకొందురు. అది తప్పు. హత్య సంగీతమునకు గాంభీర్యము నీయదు. మరికొందరు వీనిని దాచుదురు. మేమును ఒకనాడు దాచితిమి. అదియు తప్పే. ఈ రికార్డుల సంగీతమునకు చరిత్రలో స్థానము కలదు. దానిని వినుటయా మానుటయా యనునది వినువాని నిర్ణయము. నిర్ణయింపవలసినవానికి సంగతి తెలియవలెను. హంతకునికి ధనము చేరుటకు ఇష్టపడనివారు ఆ రికార్డును కొనకుండవచ్చును. అట్టివారికి ఈ రీతిలో వినదగినవి తక్కువేమియు లేవు.

ఇక మా సిఫారసులు. వినవలసిన క్రమముననే చెప్పుచున్నాము. మొదట ఉల్వర్ బృందమువారి ‘బెర్గ్‌టాట్’, 1995 నాటిది. కొండలోని భూతములు ఒక బాలికను లోనికి ఆకర్షించుకొనిపోవు జానపద కథ ఐదు అధ్యాయములుగా ఇందు నడచును. మామూలు గిటారు, బృందగానము వంటి మృదువైన కంఠములు, వాని మధ్య పైన వర్ణించిన తెర, ఒకదాని తరువాత ఒకటి వచ్చుటవలన చెవికి విశ్రాంతి దొరకును. రెండవది బాథరీ వారి ‘బ్లడ్ ఫైర్ డెత్’, 1988. నార్వేవారు దేనిని విని నేర్చుకొనిరో తెలియగోరువారికి ఇది ముఖ్యము. మూడవది ఎంపరర్ వారి ‘ఇన్ ది నైట్‌సైడ్ ఎక్లిప్స్’, 1994. సంగీతకర్త గ్రీగ్ పేరిట బెర్గెన్‌లో వెలసిన గ్రీగ్ హాలులో ముద్రింపబడినది. సింథసైజరు పొరలు వాద్యగోష్ఠివలె వెనుక నిలుచును. మా మిత్రుడు తీసికొనిపోయిన రికార్డు ఇదియే. నాలుగవదిగా ‘ఎ బ్లేజ్ ఇన్ ది నార్తర్న్ స్కై’, చివరకు ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’. దీనిని మొదటనే వినిపించి మిత్రులను బెదరగొట్టువారిని మేము చూచితిమి.

నార్వేతో ఈ రీతి ఆగిపోలేదు. చెక్ దేశపు మాస్టర్స్ హామర్ వారి ‘రిచువల్’ 1991లోను, గ్రీసుదేశపు రాటింగ్ క్రైస్ట్ వారి ‘దై మైటీ కాంట్రాక్ట్’ 1993లోను వెలువడినవి, రెండును వినదగినవి. ప్రాగ్ నగరపు కల్ట్ ఆఫ్ ఫైర్ బృందము 2013లో వెలువరించిన రికార్డునకు పేరు దేవనాగరి లిపిలోనే పెట్టబడినది.

బ్లాక్ మెటల్‌ను ఇష్టపడువారు డార్క్ ఆంబియంట్‌ను కూడ ఏల ఇష్టపడుదురు? ఒకదానిలో అత్యంత వేగము, రెండవదానిలో తాళమే లేదు. కాని వేగమును నిశ్చలతగా వినుట నేర్చిన చెవికి ఈ రెంటిమధ్య దూరము స్వల్పము. ఈ బంధుత్వము మొదటినుండియు కలదు. 1987లో మేహెమ్ వెలువరించిన ‘డెత్‌క్రష్’కు ప్రారంభ సంగీతమును జర్మనీకి చెందిన ఎలక్ట్రానిక్ సంగీతకర్త కాన్రాడ్ ష్నిట్‌జ్లర్ ఇచ్చెను. డార్క్‌త్రోన్ ఫెన్రిజ్ 1994లో నెప్ట్యూన్ టవర్స్ అను పేరున సింథసైజరు సంగీతమును చేసెను. అమెరికాలోని వుల్వ్స్ ఇన్ ది థ్రోన్ రూమ్ బృందము 2014లో ‘సెలెస్టైట్’ అను రికార్డున సింథసైజరులకే పెద్దపీట వేసినది. ఒక రీతినుండి రెండవదానికి దాటువారికి ఇది మంచి వంతెన.

డార్క్ ఆంబియంట్‌లో రాగమును వెదుకరాదు, స్థలమును వెదుకవలెను. బ్రయన్ ఈనో 1982 నాటి ‘ఆన్ లాండ్’లో స్థలములను ధ్వనితో చిత్రించుటకు పూనుకొనెను. ఆ బాటలో మరింత చీకటిలోనికి పోయినవాడు వేల్స్‌కు చెందిన బ్రయన్ విలియమ్స్. లస్ట్‌మార్డ్ అను పేర ప్రసిద్ధుడు. 1990 నాటి అతని ‘హెరెసీ’లో గుహలయందును, చర్చిల క్రింది సమాధిగదులయందును ముద్రించిన ధ్వనులు కలవు. మన మొక పెద్ద మంటపమున కండ్లు మూసికొని చప్పట్లు కొట్టినచో, ప్రతిధ్వనిని బట్టి దాని పొడవు వెడల్పులు తోచును. ఈ సంగీతము ఆ తోపునే ఒక గంటపాటు సాగదీయును.

ఇందును ఒక క్రమము చెప్పుదుము. మొదట బయోస్ఫియర్ వారి ‘సబ్‌స్ట్రాటా’, 1997. దీని కర్త గెయిర్ యెన్సెన్ ఉత్తరధ్రువ వలయమునకు ఆవలనున్న ట్రోమ్సో పట్టణమువాడు. ఇందు చీకటి కంటె చలి ఎక్కువ. తరువాత రాబర్ట్ రిచ్, లస్ట్‌మార్డ్ కలిసి చేసిన ‘స్టాకర్’, 1995. తార్కోవ్‌స్కీ 1979లో తీసిన అదే పేరుగల చిత్రము దీనికి ప్రేరణ. ఆ పిమ్మట లస్ట్‌మార్డ్ వారి ‘ది ప్లేస్ వేర్ ది బ్లాక్ స్టార్స్ హాంగ్’, 1994. చివర జర్మనీకి చెందిన థామస్ కోనర్ వారి ‘పెర్మాఫ్రాస్ట్’, 1993. ఈ కర్త కంచు గంటాపలకల నుండి ధ్వనులు తీసి తొలి రికార్డును చేసినవాడు. ‘పెర్మాఫ్రాస్ట్’లో వినబడునది, వినబడనిది అను రెంటికి నడుమ గీత చెరిగిపోవును.

రేడియోలో పనిచేయువారము గనుక యంత్రముల మాటయు చెప్పవలెను. మీడియం వేవ్‌లో స్టేషనుకు స్టేషనుకు మధ్య 9 కిలోహెర్ట్‌జుల ఎడమే ఉండుటచేత, సుమారు 4,500 హెర్ట్‌జులకు పై ధ్వని మీకు చేరదు. ఎఫ్.ఎం.లో 15,000 వరకు చేరును. గిటారు తెరకు పదునునిచ్చు అంచులు, తాళపు పలకల మెరుపు పై భాగముననే యుండును. కావున బ్లాక్ మెటల్‌ను మీడియం వేవ్‌లో వినినచో వట్టి బురద మిగులును. డార్క్ ఆంబియంట్‌కు ఇబ్బంది క్రింది భాగమున. అరచేయియంత స్పీకరు 60 హెర్ట్‌జులకు దిగువ ధ్వనిని సరిగా పలుకజాలదు. పైగా ధ్వని తగ్గినకొలది మన చెవి మంద్రస్వరములను మరింత తక్కువగా గ్రహించునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో చూపిరి. కోనర్ రికార్డును చిన్న స్పీకరుపై మెల్లగా పెట్టి, ఇందులో ఏమియు లేదని తీసివేయువారు చాలమంది. చెవిని పూర్తిగా కప్పు హెడ్‌ఫోన్లతో, ఇల్లు సద్దుమణిగిన పిమ్మట వినుడు. అట్లని ధ్వనిని మితిమీరి పెంచవలదు. 80 డెసిబెల్ స్థాయిలో వారమునకు 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అంతకు పెంచినకొలది గడువు వేగముగా తరుగును.

మీలో ఎవరేని రేపు ఒక మిత్రునకు ఈ రికార్డులలో నొకదానిని ఇచ్చినచో, దానితోపాటు ఒక చీటిని కూడ ఉంచుడని మా మనవి. ఏ యంత్రముపై వినవలెనో, దేనిని గమనింపవలెనో, దాని వెనుక ఎవరికి ఏ హాని జరిగినదో అందులో నాలుగు పంక్తులలో వ్రాయుడు. మేము ఆ రికార్డును మా మిత్రునకు తిరిగి ఇచ్చినపుడు అట్టి చీటిని వ్రాసి ఇచ్చితిమి. వారు దానిని చదివిన పిదప రికార్డును మరల వినిరి. ఇప్పటికిని తమవద్దనే ఉంచుకొనియున్నారు.