లెక్క రాదా, బడి పద్ధతి అందలేదా?

"మావాడికి లెక్కలు రావండీ" అని పిల్లవాడి ఎదుటే అనేస్తుంటాం. అనే ముందు ఈ సంగతి వినండి.

బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో, బజారులో అమ్మే పిల్లల లెక్కలను ముగ్గురు పరిశోధకులు పరీక్షించి 1985లో ప్రచురించారు. కొబ్బరికాయ 35 అయితే నాలుగెంతని అడగ్గా, పన్నెండేళ్ల కుర్రవాడు మూడింటి 105కు 30, ఆపైన 5 కలిపి 140 అని నోటిలెక్కగా చెప్పాడు. అదే గుణకారం కాగితం మీద చేయమంటే 200 అని రాశాడు! చేతిలోని 2ను ముందే 3కు కలిపి గుణించాడు.

మన పిల్లలు బడిలో లెక్కను కన్నడంలోనో, తమిళంలోనో, ఒరియాలోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. తప్పుచేస్తే కసరకండి. అదే లెక్కను ఇంటి తెలుగులో, కూరగాయల బేరంగా అడగండి. చెప్పగలిగితే బుర్ర ఉన్నట్టే. ఆ దారిని కాగితం మీదికి తేవడం మాత్రం మనం పక్కన కూర్చుని నేర్పాలి.