రావలసిన ఉత్తరము రానప్పుడు

మాఘ ఫాల్గుణ మాసములలో పర్చూరు పరిసరముల నల్లరేగడి చేల వెంట పోవువారికి కల్లములందు ఆరబోసిన మిరపకాయల ఎరుపు కన్నుల పండువుగా ఉండును. ఆ ఘాటునకు ముక్కు మూసికొనక తప్పదనుట వేరుమాట. ధర అనుకూలముగా లేనప్పుడు రైతు ఆ కాయను బస్తాలకెత్తి శీతల గిడ్డంగికి చేర్చి, మంచి రోజుల కొరకు ఎదురుచూచును. అతని ఏడాది కష్టమంతయు ఆ చల్లదనమును నమ్ముకొని ఉండును. అది తప్పినచో కాయ రంగు తగ్గును. తేమ చేరినచో బూజు పట్టును.

అట్టి గిడ్డంగిలో ఒక కంప్యూటరు ఉన్నదనుకొందము. గంటగంటకును ఉష్ణోగ్రత వ్రాసికొని, రాత్రి 2 గంటలకు లెక్క చూచి, హద్దు మీరినచో యజమానికి ఈ-మెయిల్ పంపవలెనని దానికి ఆజ్ఞ. ఇట్లు వేళకు పనిచేయించు ఏర్పాటునకు యూనిక్స్, లినక్స్ యంత్రములలో 'క్రాన్' అని పేరు. అది 1970లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. 1987లో పాల్ విక్సీ దానిని క్రొత్తగా వ్రాసెను. నేడు పెక్కు లినక్స్ యంత్రములలో ఉన్నది ఆ రూపమో, దాని సంతతియో.

నెల దినములుగా ఉత్తరము రాలేదు. గిడ్డంగి చల్లగా ఉన్నదని యజమాని నిశ్చింతగా ఉన్నాడు. మా రేడియోలో ప్రసారము ఒక్క నిమిషము ఆగినచో శ్రోతలు టెలిఫోను చేసి అడుగుదురు. రాని ఉత్తరమును గురించి అడుగువారు లేరు. చెప్పవలసినదేమియు లేక రాలేదా, అసలు పనియే జరుగలేదా, జరిగియు ఉత్తరము దారిలో చిక్కుకొన్నదా అనుటకు పైకి తేడా కనబడదు.

కనుక మొదట ఆ యంత్రమునుండియే చేతితో ఒక ఉత్తరము పంపి చూడవలెను. అది చేరినచో దారి బాగున్నది. లోపము పనిలోనే ఉన్నది. చేరనిచో పనిని కదపనక్కరలేదు, దారిని వెదకవలెను. ఈ ఒక్క పరీక్షతో సగము శ్రమ తగ్గును. చాలమంది దీనిని చివరకు చేయుదురు.

లోపము పనిలో ఉన్నదని తేలినచో 'లాగ్' అను దినచర్య పుస్తకము తెరచి, రాత్రి 2 గంటలకు ఏమి వ్రాసియున్నదో చూడవలెను. ఆ వేళకు కరెంటు పోయి యంత్రము ఆగియున్నచో, మామూలు క్రాన్ తప్పిపోయిన పనిని తరువాత చేయదు. గడియారము గ్రీనిచ్ లెక్కన నడచుచున్నచో దాని 2 గంటలు మనకు ఉదయము 7-30. మరియొక చిక్కు కలదు. మనము స్వయముగా నడిపినప్పుడు చక్కగా నడచిన పని క్రాన్ చేతిలో తడబడును. అది ప్రోగ్రాములను కొలది తావులలో మాత్రమే వెదకును. పూర్తి చిరునామా వ్రాసి ఇచ్చుట మేలు. ఇంకొకటి: క్రాన్ తనంత తానుగా పంపునది ఆ పని పలికిన పలుకులను మాత్రమే. పని మౌనముగా ముగిసినను, దాని పలుకులను ముందే పారవేయుమని ఎవరైన వ్రాసియుంచినను, ఉత్తరమే పుట్టదు.

ఇక దారి సంగతి. ఉత్తరమును మోసికొనిపోవు ప్రోగ్రాము యంత్రములో లేకున్న, క్రాన్ ఆ పలుకులను పారవేయును. ఉన్నను, చిరునామా సరిగా ఇయ్యనిచో ఉత్తరము ఆ యంత్రములోని పెట్టెలోనే పడియుండును. తన ఇంటికి తానే జాబు వ్రాసికొన్నట్లు. జీమెయిల్ ద్వారా పంపువారు ఒక తేదీ గుర్తుంచుకొనవలెను: 2022 మే 30 నుండి సొంత ఖాతాలకు, పేరును మామూలు పాస్‌వర్డును చెప్పి లోనికి వచ్చు పాత పద్ధతిని గూగుల్ ఆపివేసినది. ఆనాటి నుండి మూగపోయిన యంత్రములకు రెండంచెల తనిఖీ ఏర్పరచి, 16 అక్షరముల ప్రత్యేక పాస్‌వర్డు ఇయ్యవలెను. విండోస్ వారికి మరియొక మాట: టాస్క్ షెడ్యూలరులోని ఈ-మెయిల్ పంపు సదుపాయమును విండోస్ 8 నాటికే మైక్రోసాఫ్ట్ ప్రక్కన పెట్టినది. ఉత్తరము తిరుగగొట్టబడినప్పుడు సర్వరు ఒక అంకె చెప్పును. 535 అనగా పాస్‌వర్డు కుదరలేదు. 4తో మొదలగునవి కొంతసేపు ఆగి మరల రమ్మనునవి. 550 అనగా స్వీకరింపనన్నది. ఆ అంకెను చదువకుండ ఊహలు చేయుట వృథా. స్పామ్ పెట్టెను చూచుట మరువరాదు.

ఇంత చేసినను రేపు మరల ఉత్తరము ఆగవచ్చును. అందుచేత ఆజ్ఞనే మార్చవలెనని మా అభిప్రాయము. ఉష్ణోగ్రత హద్దు మీరినను మీరకున్నను ప్రతిదినము ఉత్తరము రావలెను. ఉదయము 6 గంటలలోగా అది రానిచో వేరొక యంత్రము యజమాని టెలిఫోను మ్రోగించవలెను. ఆ రెండవ యంత్రమును మాత్రము గిడ్డంగిలో పెట్టరాదు. కరెంటు పోయినప్పుడు రెండును కలిసియే ఆగును.