కోటగోడ, గుండు పథం: నడిగడ్డ నేపథ్యంలో భారీ మోర్టారు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూభాగాన్ని స్థానికులు నడిగడ్డ అంటారు. గద్వాల, ఆలంపురం ఇందులోనివే. వీటికి పడమట, అదే అంతర్వేదిలో, రాయచూరు ఉంది. ఈ నేల కోసం విజయనగర పాలకులు మొదట బహమనీలతోనూ, తరువాత ఆదిల్‌షాహీలతోనూ తరతరాలుగా పోరాడారు. ఆ పోరాటాలను వర్ణించేటప్పుడు ఫిరంగి పొడవుకూ బరువుకూ ఇచ్చిన ప్రాధాన్యం గుండు ప్రయాణించే మార్గానికి దక్కలేదు. కోట ముట్టడిలో ఆయుధం ఫలితమిస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ మార్గాన్ని బట్టే తేలుతుంది.

1520నాటి రాయచూరు ముట్టడి ఇందుకు మంచి నిదర్శనం. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ కథనం ప్రకారం కోటలో 200 భారీ ఫిరంగులు ఉండేవి. అయినా కృష్ణదేవరాయల సైనికులు గోడ మొదటికి చేరి, గడ్డపారలతో రాళ్లను పెకలించారు. ఊడదీసిన రాళ్లకు వెల కట్టి డబ్బిచ్చారట. గోడపైనున్న పెద్ద ఫిరంగి తన కాళ్ల కిందనున్న శత్రువును కొట్టలేదు. అంతకుముందు కృష్ణా తీరంలో ఓడిన ఇస్మాయిల్ ఆదిల్‌షా 400 భారీ ఫిరంగులను, 900 ఫిరంగి బండ్లను విడిచిపోయాడని అదే కథనం చెబుతుంది. చివరకు కోటను లొంగదీసిన వాటిలో గడ్డపారలూ, ఫిగైరెదో వెంట వచ్చిన పోర్చుగీసుల చేతితుపాకులూ ముఖ్యమైనవి.

ఫిరంగి గుండు దాదాపు సమాంతరంగా పోయి గోడను ఢీకొంటుంది. గోడ రాతిదైతే బీటలు వారుతుంది. గద్వాల కోటలాగా మందపాటి మట్టిగోడ అయితే గుండు అందులో కూరుకుపోతుంది. మోర్టారు గోడతో తలపడదు. దాని గొట్టం 45 డిగ్రీలకు మించిన కోణంలో ఆకాశం వైపు నిలుస్తుంది. గుండు పైకి లేచి, గోడను దాటి, దాదాపు నిట్టనిలువుగా లోపల పడుతుంది. దూరం తక్కువ గనుక మందుగుండు పీడనం తక్కువ. గొట్టం పలుచగా ఉన్నా సరిపోతుంది. వెనుదన్నును గొట్టం కిందనున్న ఆధారఫలకం నేలకు అప్పగిస్తుంది. అందుకే పేల్చే గుండుతో పోలిస్తే ఆయుధం బరువు స్వల్పం.

ఈ సూత్రాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లినది 1950లో సోవియట్ సైన్యంలో చేరిన ఎం-240. బోరిస్ షవీరిన్ బృందం రూపొందించిన ఈ 240 మిల్లీమీటర్ల మోర్టారు, దాదాపు 130 కిలోల గుండును 9 కిలోమీటర్లకు పైగా విసరగలదు. అంత బరువును గొట్టం మూతి దాకా ఎత్తి జారవిడవడం అసాధ్యం. కాబట్టి గొట్టాన్ని ఇరుసుపై అడ్డంగా వాల్చి, వెనుక నుంచి గుండు చొప్పించి, మళ్లీ నిలబెడతారు. చక్రాలపై నిలిపి వాహనంతో లాగే ఈ యంత్రం సుమారు నాలుగు టన్నులు తూగుతుంది.

నేలకు అప్పగించిన భారాన్ని మోయవలసింది నేలే. వానకు నానిన నల్లరేగడిలో ఫలకం దిగబడి గురి తప్పుతుంది. వనపర్తి పరిసరాల్లోని పరుపుబండ వంటి గట్టి రాతిపై అది కుదురుగా నిలవక ఎగిరిపడుతుంది. ఇసుక బస్తాలు పరచక తప్పదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని నల్లమల వంటి అటవీ కొండల్లో అసలు సమస్య లాగుడు వాహనానికి దారి లేకపోవడం. అలాంటి చోట 120 మిల్లీమీటర్ల తేలిక రకమే మేలు. 1999 కార్గిల్ పోరులో శిఖరాల వెనుక దాగిన స్థావరాలపై భారత సైన్యం ఈ రకాన్నే వాడింది.

గోడను దాటే గుండు గోడ వెనుక ఎవరున్నారో చూడదు. 2012లో సిరియాలోని హోమ్స్ నగరంలో జనావాసాలపై 240 మిల్లీమీటర్ల మోర్టారు గుండ్లు పడినట్లు హ్యూమన్ రైట్స్ వాచ్ నమోదు చేసింది. దక్కన్ కోటలు సైనిక శిబిరాలు మాత్రమే కావు. గద్వాల కోటలో చెన్నకేశవాలయం ఉంది, నేడు కళాశాల నడుస్తోంది. కోట ప్రణాళికలను అధ్యయనం చేసేవారు గోడ మందంతోపాటు, గుడి, ధాన్యపు కొట్టు, నివాసాలు గోడకు ఎంత దూరంలో ఉన్నాయో, వాటికి పైకప్పు ఎలాంటిదో కూడా కొలవాలి.