లా ఫర్మ్‌లో ఆరు వారాలు, మా యూట్యూబ్ వీడియో

మూడో సంవత్సరం అయ్యాక ఎండాకాలంలో మా బ్యాచ్‌లో చాలామంది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లారు. నేను హైదరాబాద్‌లో ఒక కమర్షియల్ లా ఫర్మ్‌కి వెళ్లాను. "ఈసీఈ చదివి లాయర్ల దగ్గర ఏం చేస్తావురా, ఫైళ్లు మోస్తావా?" అన్నారు నాన్న. ఆయన మాట సగం నిజమైంది. మొదటి మూడు రోజులు నేను చేసింది పేజీ నంబర్లు సరిచూడటమే.

లా ఫర్మ్ అనగానే నల్లకోటు, బోను, "అబ్జెక్షన్ యువర్ ఆనర్" గుర్తొస్తాయి. నేనున్న ఆరు వారాల్లో కోర్టు గుమ్మం కూడా చూడలేదు. ఇలాంటి ఫర్మ్‌ల పని ఎక్కువగా కంపెనీలతోనే. ఒప్పందాలు రాయడం, లీజులు చూడటం, ట్రేడ్‌మార్క్‌లు, పేటెంట్లు రిజిస్టర్ చేయించడం, ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే కాగితాలన్నీ వెతికి చూడటం. ఈ చివరిదాన్ని డ్యూ డిలిజెన్స్ అంటారు. పొలం కొనేముందు మనవాళ్లు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూస్తారు కదా, అదే పని. కాకపోతే ఇక్కడ వందల ఒప్పందాలు ఉంటాయి. వాటిలో "యజమాని మారితే ఈ ఒప్పందం రద్దు చేసుకోవచ్చు" అనే వాక్యం ఎక్కడుందో పట్టుకోవాలి. అది సాధారణంగా ఎవరూ చదవని పేజీలోనే ఉంటుంది.

నాతో పాటు ఉన్న ఇంటర్న్‌లందరూ లా విద్యార్థులే. వాళ్లకు ఇది ఇష్టం ఉంటే చేసే పని కాదు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఒకే ఏడాదిలో వరుసగా నాలుగు వారాలు మించకూడదు. అందుకే నెల నెలా కొత్త ముఖాలు వచ్చేవి. ఆ నియమం నాకు వర్తించదు కాబట్టి ఆరు వారాలు ఉన్నాను, చివరికి ప్రింటర్ సంగతి నాకే బాగా తెలుసు.

మరి ఇంజనీరింగ్ వాడికి అక్కడ చోటెక్కడిది? పేటెంట్ టీమ్‌లో. ఇది మనలో చాలామందికి తెలియదు. పేటెంట్ ఆఫీసు ముందు క్లయింట్ తరఫున పనిచేసే పేటెంట్ ఏజెంట్‌కి లా డిగ్రీ అక్కర్లేదు. 1970 నాటి పేటెంట్స్ చట్టం, సెక్షన్ 126 ప్రకారం సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాస్ కావాలి. రెండు పేపర్లు, ఒక వైవా. ఒక్కో పేపర్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. నేను ఫర్మ్‌కి పెట్టిన మెయిల్లో కూడా లా గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను చేసిన రెండు ప్రాజెక్టులు, చదివి అర్థం చేసుకున్న ఒక పాత పేటెంట్ గురించి రాశాను. నన్ను పిలిచింది ఆ పేటెంట్ పేరా వల్లేనని తర్వాత మా మేడమ్ చెప్పారు. స్టైపెండ్ అంటారా, మెట్రో చార్జీలకు సరిపోయింది.

అక్కడ నాకిచ్చిన అసలు పని ప్రయర్ ఆర్ట్ సెర్చ్. క్లయింట్ "ఇది మేం కొత్తగా కనిపెట్టాం" అని వస్తాడు. ఆ తేదీకి ముందు ప్రపంచంలో ఎక్కడైనా అది బయటపడిందా అని మనం వెతకాలి. మన పేటెంట్ ఆఫీసు వారి డేటాబేస్, ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్, పాత కాన్ఫరెన్స్ పేపర్లు, కంపెనీల కేటలాగులు, అన్నీ. ఏ క్లయింటో, ఏ వస్తువో చెప్పను. మొదటి రోజే గోప్యత కాగితం మీద సంతకం పెట్టాను. లిఫ్టులో కూడా క్లయింట్ పేరు ఎత్తకూడదని చెప్పారు. మొదట్లో ఇదంతా అతి అనిపించింది.

రెండో వారంలో ఆ అభిప్రాయం మారింది. మా నలుగురి మినీ ప్రాజెక్టు గురించి కొంచెం గొప్పగానే మా మేడమ్‌కి చెప్పాను. బోరులో నీళ్లు పడిపోతే మోటారు కాలిపోకుండా ఆపే స్టార్టర్ అది. నీళ్లు లేకపోతే మోటారు మీద లోడు తగ్గి, అది తీసుకునే కరెంటు తగ్గుతుంది. దాన్ని పట్టుకుని ఆపే పరికరాలు మార్కెట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. మేం చేర్చింది చిన్న విషయం. ఎంతకి తగ్గితే ఆపాలో రైతు అమర్చక్కర్లేదు, ఆ బోరు తీరు చూసి పరికరమే నేర్చుకుంటుంది. మా టీమ్‌లో ఒకడి ఇంట్లో రెండు వేసవుల్లో రెండు మోటార్లు కాలాయి, ఆలోచన వాడిదే.

"బావుంది. ఎక్కడైనా చూపించారా?" అన్నారు మేడమ్.

"ఫిబ్రవరిలో టెక్ ఫెస్ట్‌లో పెట్టాం మేడమ్, ఫస్ట్ ప్రైజ్. యూట్యూబ్‌లో వీడియో కూడా ఉంది."

ఆవిడ వీడియో చూశారు. సర్క్యూట్, లెక్క కట్టే పద్ధతి, కోడ్ లింకు, అన్నీ ఉన్నాయి. అప్‌లోడ్ చేసిన తేదీ చూసి, "దీనికి ఇప్పుడు ప్రయర్ ఆర్ట్ మీరే" అన్నారు.

సొంత ప్రకటనకు ఏడాది గడువు ఉంటుందని నేను ఎక్కడో చదివాను. అది అమెరికా చట్టం. మన దగ్గర సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల వెసులుబాటు చాలా ఇరుకు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌లో పెట్టినా, విద్వత్ సంఘం ముందు పేపర్ చదివినా వర్తిస్తుంది. మన టెక్ ఫెస్ట్ ఎంత ఘనంగా జరిగినా గెజిట్‌కి ఎక్కదు, యూట్యూబ్ సంగతి సరేసరి. వీడియో తీసేస్తే? ప్రయోజనం లేదు. ఒకసారి జనానికి తెలిసింది తెలిసినట్టే.

వీడియో పెట్టింది నేనే. వ్యూస్ కోసం కోడ్ లింకు ఇచ్చింది కూడా నేనే. ఆ రాత్రి మా వాళ్లకు ఫోన్ చేసి చెప్పడం కంటే వైవాలో నోరు తెరవలేక నిలబడటం సులువు. మోటార్లు కాలిన ఇంటివాడు తిట్టలేదు. "సరేలే, ఎవరో ఒకరు చేసి అమ్మితే మా నాన్న కొంటాడు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మేడమ్ ఇంకో ప్రశ్న వేశారు: "వీడియో తర్వాత ఏమైనా మార్చారా?" మార్చాం. మోటారు ఆగాక బోరులో ఊట మళ్లీ చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకుని, దాన్నిబట్టి మళ్లీ ఆన్ చేసే భాగం ఏప్రిల్లో చేర్చాం. అది ఎక్కడా చూపించలేదు. ఆవిడ మా లాయర్ కాదు కాబట్టి సలహాగా ఏమీ చెప్పలేదు, సెక్షన్ నంబర్లు మాత్రం చెప్పి చదువుకోమన్నారు. చదివాను. సెక్షన్ 3(కె) ప్రకారం వట్టి అల్గారిథమ్‌కి పేటెంట్ రాదు, కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి కూడా దానికదిగా రాదు. కాబట్టి సెన్సరు, రిలే, స్టార్టర్‌తో కలిపి చెప్పాలి. పాత వీడియో చూసిన వాడికెవడికైనా తట్టేంత చిన్న మార్పు అయితే అది కూడా నిలబడదు. మాది నిలబడుతుందో లేదో పరీక్షకు వెళ్తే గానీ తేలదు.

ముందుగా ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ దాఖలు చేస్తే ఆ తేదీ మనకు దక్కుతుంది. పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వడానికి 12 నెలలు టైమ్ ఉంటుంది. వ్యక్తులుగా ఆన్‌లైన్లో వేస్తే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, మాకు తలా 400. మన రాష్ట్రాలు రెండూ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందకి వస్తాయి, కానీ అంతా ఆన్‌లైనే కాబట్టి రైలెక్కే పని లేదు. దానికంటే ముందు తేలాల్సింది ఇంకోటి ఉంది. కాలేజీ ల్యాబ్ వాడి చేసిన దాని మీద హక్కు మనదా, కాలేజీదా? కాలేజీ ఐపీ పాలసీ అడిగి తీసుకుని చదవండి, మాకు అది చేతికి రావడానికే రెండు వారాలు పట్టింది.

ఇప్పుడు డ్రాయింగులు గీస్తున్నాం. ఎవరి పేరు ముందు రాయాలనే గొడవ లేదు, మోటార్లు కాలిన ఇంటివాడిదే మొదటి పేరు. ఈ ఏడాది ఫెస్ట్‌కి స్టాల్ బుక్ చేశాం. అప్పటికి దరఖాస్తు నంబరు చేతికొస్తే పెట్టె మూత తీసి చూపిస్తాం. రాకపోతే పాత మోడలే పెడతాం, అదెలాగూ యూట్యూబ్‌లో ఉన్నదే.