అటుకమీది పాటలు

సంక్రాంతి వచ్చుచున్నదనగానే మన యిండ్లలో బూజులు దులుపుట, అటుకలు ఖాళీ చేయుట, ప్రాత సామానులు వేఱుపఱచుట మొదలగును. ఏది యుంచవలెను, ఏది పాఱవేయవలెను అను తీర్పు ఏ యింటనైనను గృహిణిదే. ఇంటి మగవారు నిచ్చెన పట్టుకొనుటతో తమ పని తీఱినదనుకొందురు. ఆ తీర్పు చెప్పు సోదరీమణులకు ఒక విన్నపము చేయదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము నివసించు చర్లపల్లి హైదరాబాదునకు తూర్పుదిక్కున నున్నది. కర్మాగారములతోడను, 2025 జనవరిలో ప్రారంభమైన క్రొత్త రైలు కూడలితోడను నిండిన చోటిది. ఇచ్చటి కుటుంబములలో పెక్కు ఉద్యోగముల నిమిత్తమై కోస్తా జిల్లాలనుండియు, రాయలసీమనుండియు వచ్చి స్థిరపడినవి. వారితోపాటు వారి పెట్టెలును వచ్చినవి. పెట్టెలలో ఏమున్నదో పిల్లలకు తెలియదు, పెద్దలు మఱచిపోయిరి.

మా వీధిలో ఒక వృద్ధురాలు కలరు. పిన్నిగారని పిలుతుము. కృష్ణాతీరపు పల్లెనుండి భర్తతో ఇచ్చటికి వచ్చినవారు. కుమారుడు క్రొత్త ఫ్లాటునకు మాఱుచుండుటచే క్రిందటి యేడు అటుక ఖాళీ చేసిరి. ఒక రేకుపెట్టెలో ముప్పదియొక్క గ్రామఫోను ప్లేట్లు బయటపడినవి. వీధిలో పోవుచున్న ప్రాతసామాను వానిని పిలిచిరి. అతడు వానిని తట్టి చూచి, “ఇవి ఇనుము కావు, ప్లాస్టికు కావు, వీనికి వెల లేదమ్మా” అనెను. చూచుచుండగానే ఒకటి చేయిజాఱి నేలబడి అప్పడమువలె ముక్కలైనది. ఆ చప్పుడునకు మేము వెళ్లి తక్కిన ముప్పదింటిని మా యింటికి తెచ్చుకొంటిమి. మా మామగారినాటి చేతితో త్రిప్పు గ్రామఫోను మా యింట నింకను పాడుచున్నది. ఇట్టివానిని సేకరించు వ్యసనము మాకు పదేండ్లుగా కలదు.

ఈ ప్లేటు దేనితో చేసినదో యెఱిగినచో సోదరీమణులు ఆశ్చర్యపడుదురు. మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు పెట్టు లక్కయే దీనికి మూలము. లాడ్ బజారులో మనము కొనుకొను గాజులకును, ఈ ప్లేట్లకును పుట్టిల్లు ఒక్కటే. లక్కలో మెత్తని రాతిపొడిని, నల్లరంగును కలిపి వేడిమీద అచ్చొత్తుదురు. నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగును గనుక వీనికి 78 ప్లేట్లని పేరు. పది అంగుళముల ప్లేటున ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట పట్టును. గంటసేపు పాడు రాగమును మూడు నిమిషములలో ముగించుట ఆనాటి గాయకులకు గొప్ప పరీక్ష.

బల్లపఱుపు ప్లేటును కనిపెట్టినవాడు ఎమిల్ బెర్లినర్. అందులకు ఆయన 1887లో హక్కు పొందెను. 1902లో లండనునుండి ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నాతడు యంత్రములతో కలకత్తాకు వచ్చి మన దేశపు పాటలను పట్టుట కారంభించెను. ఆ నవంబరులో పాడిన గౌహర్ జాన్ అను విదుషీమణి తన పాట చివర తన పేరును ఇంగ్లీషున చెప్పెడిది. అది గర్వమున చెప్పినది కాదు. మైనపు అచ్చులు జర్మనీలోని హానోవరునకు పోయి ప్లేట్లయి తిరిగివచ్చెడివి. అచ్చట మన పేర్లెఱిగినవారు లేరు. పాట చివర వినబడిన పేరును బట్టియే వారు కాగితపు చీటీని అంటించెడివారు. తరువాత 1908 నాటికి కలకత్తాలోనే కర్మాగారము వెలసెను.

తొలినాళ్లలో ఆ కొమ్మునెదుట నిలిచి పాడినవారిలో స్త్రీలే పెక్కురు. సంసారుల యింటి ఆడుబిడ్డ పదిమందిలో పాడుట తప్పని తలచిన కాలమది. గానమే వృత్తిగా గల కుటుంబముల స్త్రీలు ధైర్యముతో ముందునకు వచ్చిరి. వారిలో బెంగుళూరు నాగరత్నమ్మగారొకరు. ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును 1910లో సంపూర్ణముగ అచ్చువేయించి నిందలపాలైన విదుషి యామెయే. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినదియు నామెయే. త్యాగరాజకృతులు తెలుగున నుండుటచే అరవదేశపు గాయనీమణులు పాడిన ప్లేట్లలోను మన భాషయే మ్రోగుచున్నది. వీణ ధనమ్మాళ్ 1932లో వాయించిన ప్లేట్లను నేటికిని సంగీతజ్ఞులు కన్నుల కద్దుకొందురు.

తరువాత నాటకముల వంతు వచ్చినది. తిరుపతి వేంకటకవుల భారత నాటకముల పద్యములు ప్లేట్లకెక్కి పల్లెపల్లెకు ప్రాకినవి. స్త్రీపాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావుగారి పాట, కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యము అరుగులమీద మ్రోగినవి. ఆపై లలితగీతములు వచ్చినవి. రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి, వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత చిన్నతనముననే ప్లేట్లకు పాడినవారు. ఈ పేర్లు నిలిచినవి. కాని వీరి ప్రక్కన ఒకటి రెండు ప్లేట్లు మాత్రమే పాడి మఱుగున పడినవారి సంగతి యేమి? కొనువారు లేరని కంపెనీవారు మఱల అచ్చువేయలేదు. పెక్కింటి మూలపు లోహపు అచ్చులు నేడు లేవు. ఎవరి యింటి అటుకపైననో మిగిలిన ఒక్క ప్లేటే ఆ గాయని బ్రదికియుండినదనుటకు సాక్ష్యము.

ఈ దుఃఖము మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. అమెరికాలో 1970 దశకపు నడుమ పంక్ రాక్ అను పాట పుట్టినది. మృదుత్వ మెఱుగని పాట యది. వీణాగానమునకు అలవడిన చెవులకు కేకలవలె తోచును. న్యూయార్కున రామోన్స్ అను బృందమువారు 1976లో వెలువరించిన రికార్డు పేరు లోకమెల్ల నెఱుగును. కాని అదే కాలమున చిన్న చిన్న ఊళ్ల యువతీయువకులు చేతిసొమ్ము పెట్టి కొలదిపాటి ప్రతులు మాత్రమే వినైలుపై అచ్చొత్తించుకొనిరి. లాస్ ఏంజిల్సున 1977లో మొదలైన డేంజర్‌హౌస్ అను చిన్న కంపెనీ కొలది యేండ్లకే మూతబడెను. పెనలోపీ హ్యూస్టన్ అను యువతి పాడిన అవెంజర్స్ బృందపు తొలి రికార్డు వారిదే. ఆనాడు ఇట్టివానిని అడుగువారు తక్కువ. నేడు సేకర్తలు వానికై ప్రాతసామాను దుకాణములలో మోకాళ్లపై కూర్చుండి వెదకుచున్నారు. పాట వేఱు, భాష వేఱు. చిన్నవాని కంఠమునకును విలువ కలదను నమ్మకము మాత్రము ఒక్కటే.

మన వారిలో ఈ పనికి జీవితము నంకితము చేసినవారు వి. ఏ. కె. రంగారావుగారు. మద్రాసున వారు కూడబెట్టిన గ్రామఫోను రికార్డులు నలువదివేలకు మించినవి. బొంబాయిలో 1990లో రికార్డు సేకర్తల సంఘమొకటి యేర్పడి, ప్రాత ప్లేట్లను గూర్చి పత్రికయు ప్రకటించినది. అయినను ఎంత గొప్ప సేకర్తయైనను మన యింటి అటుక నెక్కి చూడలేడు గదా. అది మనము చేయవలసిన పని.

పిన్నిగారి ప్లేట్లలో ఇరువది రెండు నాటకపద్యములు. ఏడు కీర్తనలు. మిగిలిన ఒక్కదాని చీటీపై కుక్కబొమ్మ యున్నది, రాగము పేరున్నది. పాడినవారి పేరున్న చోట మాత్రము కత్తితో గీకియున్నది. అది కాలవశమున చెరిగిన చెరుగు కాదు. పిన్నిగారిని అడుగగా కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “మా పెద్దమ్మకు మంచి గొంతుండేదని అమ్మ చెప్పేది. మద్రాసు వెళ్లి ఒక ప్లేటుకు పాడిందట. అత్తవారికి తెలిసి పెద్ద గొడవైనదట. ఆ తరువాత ఆమె ఇంట్లో కూడ పాడలేదు. ప్లేటు మాత్రం అమ్మ చీరల అడుగున దాచింది. నేను ఎన్నడూ వినలేదు అమ్మాయీ” అనిరి.

క్రొత్త ముల్లు పెట్టి ప్లేటు నెక్కించితిమి. మొదట గరగర శబ్దము. దాని వెనుకనుండి పదునెనిమిదేండ్లు నిండినవో లేదో యన్నట్టి సన్నని కంఠము. తాళము ఒకచోట కొంచెము తొందరపడినది. పై షడ్జమము నందుకొన్నపుడు భయము పోయి, కంఠము నిండుగ విచ్చుకొన్నది. మూడు నిమిషములకు పాట ఆగినది. పిన్నిగారు, “రెండవ ప్రక్క కూడ వేయి” అనిరి.

ఆ కంఠము వారి పెద్దమ్మదే యని మేము చెప్పజాలము. పేరు గీకినవారు ఒక సంగతి మఱచిరి. చీటీపై రికార్డు సంఖ్య యుండును. చీటీ చుట్టునున్న నల్లని మెఱుగుచోటున అచ్చునకు చెందిన మఱియొక సంఖ్య ఒత్తబడియుండును. ప్రాత జాబితాలు గల సేకర్త వీనిని బట్టి పాడినవారి పేరు కనుగొనుట కవకాశము కలదు. ఆ సంఖ్యలను వ్రాసి ఒక సేకర్తకు పంపితిమి. జవాబునకై పిన్నిగారును మేమును ఎదురుచూచుచున్నాము. ఈలోపల ఆ ప్లేటు తిరిగి పిన్నిగారి యింటికే పోయినది. ఇపుడు చీరల అడుగున గాక దేవునిగూటి ప్రక్క అఱలో నున్నది.

మీ యింట నిట్టివి దొరకినచో ఈ జాగ్రత్తలు పాటింపుడు. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చక పుస్తకములవలె నిలువుగ నుంచుడు. ఒక్కొక్కదానికి శుభ్రమైన కాగితపు సంచి తొడుగుడు. మన యెండలకు రేకుల క్రింది అటుకలో అవి వంగిపోవును. గదిలోని చల్లనిచోటికి దింపుడు. మెత్తని కుంచెతో ధూళి దులుపుడు. మురికి వదలనిచో చీటీ తడియకుండ, కొలదిగ తడిపిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టుడు. స్పిరిటు మాత్రము తాకింపకుడు. లక్క స్పిరిటులో కరగును, పాటయు కరగును. చేతితో త్రిప్పు గ్రామఫోనున ఒక్కొక్క ప్రక్కకు క్రొత్త ఉక్కుముల్లు వాడుడు. అరిగిన ముల్లు గాడిని కోయును. ఆ యంత్రముపై వినైలు రికార్డు నెన్నడును పెట్టరాదు. విద్యుత్తుతో నడుచు యంత్రముపై 78 ప్లేటు వినవలెనన్న దానికి తగిన వెడల్పు ముల్లు వేఱుగ కలదు. ఒక్కమాఱు చక్కగ వినిపించి ధ్వనిని కంప్యూటరులో భద్రపఱచుకొన్నచో ప్లేటునకును విశ్రాంతి, పాటకును రక్షణ.

అమ్ముటయో, ఉంచుకొనుటయో మీ యిష్టము. కాని పాఱవేయుటకు ముందు చీటీని చదువుడు, సంఖ్యను వ్రాసికొనుడు, ఇంటి పెద్దల నడుగుడు. వారు చెప్పగలిగిన దినములలోనే అడుగుడు. మన ముత్తవల వంటకములను, ముగ్గులను మనము నేర్చుకొంటిమి. వారి కంఠము ఏ యింటనైన మిగిలియున్నచో, దానిని తూకమునకు వేయకుండుట మన చేతిలోని పని.