మ్యాచ్ మధ్యలో చెప్పలేకపోయిన జవాబు

పీడీగా, అంటే ఆటల సారుగా, నేను దేవరకొండ దిక్కు ఏ ఊరి బడికి బదిలీ అయినా మొదట చేసే పని ఒక్కటే, రెండు గుంజలు పాతించడం. నెట్టుకు పైసలుండేవి కావు. నాగార్జునసాగర్ నీళ్లలో చేపలు పట్టేవాళ్లను అడిగితే చిరిగిన వల ఇచ్చేవాళ్లు. దాని అంచుకు నవారు కుట్టి కట్టేవాణ్ని. గీతలకు ముగ్గుపిండి. వానకాలం ముందు పడమటి గాలి లేస్తే ఎదురు కొట్టిన సర్వీసు నెట్టు దాటదు, వాలుకు కొడితే తుమ్మచెట్ల పాలు. టాస్ గెలిచినోడు సర్వీసు అడగడు, గాలి చూసి కోర్టు అడుగుతాడు.

అట్లాంటి ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లగాడు నా పక్కకొచ్చి, "సార్, వాలీబాల్ మనోళ్లదేనా?" అన్నాడు. స్కోరు పద్నాలుగు పద్నాలుగు. "ఆ, మనోళ్లదే, పో" అన్నాను. బీపీఈడీలో చదివిన సంగతే, కానీ మ్యాచ్ నడుస్తుంటే చరిత్ర ఎవడు చెప్తాడు? ఇప్పుడు చెప్తా.

ఈ ఆట అమెరికా కాలేజీల ఆటల పిచ్చి నుంచి పుట్టింది. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు జట్టుకు 25 మంది చొప్పున దిగి ఫుట్‌బాల్ ఆడాయి. తర్వాత ఇరవై ఏండ్లలో యేల్, హార్వర్డ్ కుర్రాళ్ల చేతిలో అది మన ఫుట్‌బాల్ కాకుండా పోయింది. బంతిని చంకన పెట్టి ఒకరి మీద ఒకరు పడి ఎముకలు విరగ్గొట్టుకునే ఆట అయింది. చదువు కన్నా పక్క కాలేజీని ఓడించడమే గొప్ప.

మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ కాలేజీ ఉండేది. చలికాలం మంచుకు ఈ ఫుట్‌బాల్ లాంటి బయట ఆటలు బంద్. లోపల డ్రిల్లు, కసరత్తు. ఆ రోజుల్లో అమెరికా జిమ్నాజియాల్లో తిప్పే కర్ర గదలను 'ఇండియన్ క్లబ్స్' అనేవాళ్లు. అవి మన తాలీంఖానాల్లో పహిల్వాన్లు తిప్పే ముద్గరాలే. ఇంగ్లిష్ సైన్యం చూసి నేర్చుకొని తీసుకుపోతే అక్కడిదాకా చేరాయి. ఆ పిల్లగాడికి నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదన్నమాట!

డ్రిల్లుతో విసిగిన 18 మంది కుర్రాళ్లు మాట వినడం లేదు. వాళ్లకు ఏదైనా కొత్త ఆట కనిపెట్టమని పెద్దసారు లూథర్ గులిక్ అక్కడి సారు జేమ్స్ నైస్మిత్‌కు రెండు వారాల గడువిచ్చాడు. నైస్మిత్ 1891 డిసెంబరులో పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి, బాల్కనీకి పదడుగుల ఎత్తున కొట్టించాడు. అదే బాస్కెట్‌బాల్. బంతితో పరుగెత్తొద్దన్నది ముఖ్యమైన నియమం. మీద పడి కొట్టుకోవడం అక్కడికక్కడే తగ్గింది. బుట్టకు అడుగు ఉండటంతో గోలైన బంతిని దించాలంటే నిచ్చెన ఎక్కాలి. మొదటి మ్యాచ్‌లో ఆ కష్టం ఒక్కసారే వచ్చింది, స్కోరు 1-0. ఆడినవాళ్లలో ఇషికావా అనే జపాన్ విద్యార్థి కూడా ఉన్నాడు.

అదే కాలేజీలో చదివిన విలియం మోర్గన్ పక్కనే హోల్యోక్ వైఎంసీఏలో పనిచేసేవాడు. అతని దగ్గరకొచ్చే నడివయసు వ్యాపారులకు బాస్కెట్‌బాల్ దూకుడు ఆగలేదు. 1895లో ఆరున్నర అడుగుల ఎత్తున నెట్టు కట్టి 'మింటనెట్' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆడి చూపిస్తే, బంతి నేలకు తగలకుండా గాల్లోనే కొడుతున్నారు కదా అని వాలీబాల్ అన్నారు. పొట్ట వచ్చిన సేట్ల కోసం పుట్టిన ఆట మా ఊర్లలో పొలం పని చేసొచ్చిన పడుచోళ్ల పాలైంది. నాకిది భలే ముచ్చట.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యకు వైఎంసీఏ బడి పెట్టాడు. దక్షిణాదిన డ్రిల్లు సార్ల వంశవృక్షం మొదలు అక్కడే దొరుకుతుంది. నాకు విజిల్ ఎట్లా ఊదాలో నేర్పిన పెద్దాయన అక్కడ చదివినాయనే.

మీ ఊరి బడిలో గుంజలుండి నెట్టు లేకపోతే చేపలు పట్టేవాళ్లను అడగండి. తొమ్మిదిన్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు పాత వల చాలు. పై అంచు నవారు మాత్రం రెండు వరసలు కుట్టండి, మొదట చినిగేది అదే.