సున్నాన్ని తీయకుండానే ఆపే కిటుకు

సింగపూర్‌లోని తంజోంగ్ పగార్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: “ఇక్కడ మా గీజర్‌కు సున్నం పెద్దగా పట్టదు. నల్లగొండలో మా ఇంటి గీజర్ కాయిల్‌కు మాత్రం దట్టంగా పట్టేస్తుంది. నీళ్లలోని కాల్షియాన్ని తీసేయకుండా దీన్ని ఆపలేమా?” ఆపవచ్చు. ఆ ఆపే తీరంత అందమైన రసాయన శాస్త్రం అరుదు!

ముందు కారణం. బోరు నీటిలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి, కాల్షియం కార్బనేట్, అంటే మనం చెప్పే సున్నం, మిగులుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా తక్కువ కరుగుతుంది. అందుకే కాయిల్ మీదే పేరుకుంటుంది. కాబట్టి నీరు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే లెక్క. సింగపూర్‌ది వాన నీటి జలాశయాలు, జొహోర్ నది, శుద్ధిచేసిన వాడిన నీరు, ఉప్పు తీసిన సముద్రపు నీరు కలిసిన సరఫరా; బోరు నీరు కాదు, అందుకే అక్కడ సున్నం పెద్దగా పట్టదు.

ఇక అసలు విషయం. లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల పాలీఫాస్ఫేట్ అనే రసాయనం కలిపితే, వందల మిల్లీగ్రాముల సున్నం పేరుకోకుండా ఆగుతుంది. 1939లో హాచ్, రైస్ అనే రసాయనవేత్తలు దీన్ని వివరంగా చూపారు. ఫాస్ఫేటు కాల్షియాన్నంతా పట్టి బంధిస్తుందని చాలామంది అనుకున్నారు. లెక్క కుదరదు! ఉన్న కాల్షియాన్నంతా బంధించడానికి అంత తక్కువ మందు చాలదు. పైగా ఆ నీటిలో సబ్బు ఇంకా విరుగుతూనే ఉంటుంది, అంటే కాల్షియం విడిగానే ఉందన్నమాట.

జవాబు స్ఫటికం ఉపరితలం మీద ఉంది. స్ఫటికం ఇటుక వరుసలా పెరుగుతుంది. కొత్త అయాను వరుస అంచునే చేరుతుంది. ఆ అంచు ఎప్పటికీ అయిపోకుండా సర్పిలంగా తిరుగుతూ ఉంటుందని 1949లో ఫ్రాంక్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పాడు. పాలీఫాస్ఫేట్ అణువులు అక్కడక్కడా అతుక్కుంటే, అంచు వాటి మధ్య నుంచి వంగి దూరాలి. మరీ వంగిన అంచు మీద అయాన్లు నిలవవు, తిరిగి కరిగిపోతాయి. అణువుల మధ్య దూరం ఒక హద్దు దాటి తగ్గితే అంచు మొత్తం నిలిచిపోతుంది. 1958లో కాబ్రెరా, వెర్మిల్యా అనే శాస్త్రవేత్తలు ఈ హద్దును లెక్కగట్టారు. కాపలా అంచుకే కాబట్టి చిటికెడు చాలు!

ఇళ్లలో దీన్ని వాడేటప్పుడు జాగ్రత్త కావాలి. వేడికి పాలీఫాస్ఫేట్ విడిపోయి శక్తి కోల్పోతుంది; రాత్రంతా గీజర్‌లో నిలిచిన నీటిలో ఎక్కువకాలం పనిచేయదు. తాగే నీటికైతే ఆహార ప్రమాణాల రకమే వాడాలి. కొన్ని అపార్ట్‌మెంట్ సంఘాలు మాత్రం నీటి పరీక్షే చేయించకుండా పైపుకు అయస్కాంతాలు బిగిస్తున్నాయి. వాటి ఫలితాలు నిలకడగా రుజువు కాలేదు. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం నీటి కఠినత (కరిగిన కాల్షియం, మెగ్నీషియం కొలత) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుండాలి. వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతి. ముందు మీ నీటి కఠినత అంకె తెలుసుకోండి, తర్వాతే పరికరం కొనండి.